కుండకొంగ కూత

గట్టు మీది గది,
వేసవి మొదట్లో

మరదలికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఉన్న మొగుడితోనే వేగలేకపోతుంటే, నీ ఉత్తరం వచ్చి నన్ను నిలదీసింది. ఫోను ఎందుకెత్తరు, బతికే ఉన్నారా అని. బతికే ఉన్నాం. ఇక్కడ సిగ్నలు గాలివాటాన్ని బట్టి వస్తుంది, పోతుంది. అదీగాక మీ అన్నయ్యకు ఈమధ్య ఫోనంటేనే విసుగు. ఉత్తరాలే నయం. నీ కోడిగీతల దస్తూరి చూసి కాసేపు నవ్వుకుంటాను.

మా కాపురం ఎప్పటిలాగే ఉంది. ఒక రేకుల గది, అందులో బురద బూట్లు, మూడు కాళ్ల స్టాండు మీద టెలిస్కోపు, వాటి సందులో నా వంట. కిటికీ తీస్తే చిత్తడి. రెల్లు మనిషెత్తు పెరిగింది. దాని మధ్యలో ఇక్కడ గోడౌన్లు కట్టబోయేవాళ్లు పాతిన ఎర్ర కర్రలు వరసగా కనిపిస్తాయి. వానలు వెలిసేలోగా ఇదంతా మట్టితో నింపుతారట. ఇన్నేళ్లుగా ఆయన పిట్టల్ని లెక్కపెట్టిన చోట రేపు లారీలు తిరుగుతాయి.

అసలు సంగతికొస్తాను. మొన్న పొద్దున్నే పడవ కట్టేసి మోకాళ్లదాకా బురదతో లోపలికొచ్చారు. నా చేతిలో చీపురు లాక్కుని, ముందు కూర్చోమన్నారు.

"కుండకొంగ పలికింది," అన్నారు.

నేను నవ్వాననుకుంటాను. ఆయన నవ్వలేదు. "రెల్లు లోపల, తూర్పు మూల. ఖాళీ కుండలోకి ఎవరో ఊపిరి ఊదినట్టు. మూడుసార్లు," అన్నారు.

అది ఎవరికీ వినబడక ఎంతకాలమైందో నాకంటే నీకే బాగా తెలుసు. మా పెళ్లయిన కొత్తలో ఎవరో విన్నామన్నారు. ఆ తర్వాత పుస్తకాల వాళ్లంతా దానికి నీళ్లొదిలేశారు. అది ఇక్కడ ఉందని తేలితే ఈ చిత్తడిలో తట్టెడు మట్టి పోసే హక్కు ఎవరికీ ఉండదని ఆయన అంటున్నారు. ఆయన రాసిన కాగితం దీనితో పెట్టాను. ఈ చిత్తడి పూడ్చవచ్చా లేదా అని తేల్చే విచారణ సంఘానికి దాన్ని నువ్వే ఇవ్వాలట.

నువ్వు కూడా విన్నావా అని అడుగుతావని తెలుసు. ఆ పూట నేను పడవలో లేను.

నీ సొరుగుల్లో ఆ కొంగలు ఉన్నాయన్నావు కదా ఒకసారి. ఉన్నవాటిని కాస్త ఆగి చంపి ఉంటే ఇవాళ ఇంత వెతుకులాట ఉండేది కాదు. కోపం తెచ్చుకోకు, వేళాకోళానికి అన్నాను.

నీ వదిన


మ్యూజియం, పక్షుల గది

వదినా,

నీ ఉత్తరం చదివి బీరువా తాళాలు ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. చివరికి నా మెడలోనే ఉన్నాయి.

కుండకొంగల సొరుగు అడుగు వరసలో ఉంది. నేలమీద కూర్చుని లాగాను. నాఫ్తలీన్ ఘాటు గుప్పున కొట్టింది. పొట్టలో దూది, కళ్ల చోట దూది, కాళ్లకు కట్టిన చీటీలు, అన్నీ వెల్లకిలా పడుకుని ఉన్నాయి. చీటీల మీద సిరా వెలిసింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. నిజంగా చెబుతున్నాను వదినా, వాటిలో సగం మీ చిత్తడిలోనివే. మన తాతలు పుట్టకముందు ఎవరో అదే రెల్లులో నడుం లోతు నీళ్లలో నిలబడి పట్టుకున్నవి.

శవాల కాపలాదారునని నువ్వు నన్ను వెక్కిరించడం ఇవాళ కొత్త కాదు. నేను చెప్పేదీ పాతదే. పొలాల మందులకు గుడ్ల పెంకులు పల్చబడ్డాయని లోకానికెలా తెలిసింది? ఇలాంటి గదుల్లో దాచిన పాత గుడ్లను కొత్తవాటితో పోల్చి చూశాకే కదా. బతికున్న పిట్ట ఎగిరిపోతుంది, ఎవరి మాట వారిది. ఇక్కడున్నది ఎగిరిపోదు. వందేళ్ల తర్వాత, దాన్ని పట్టుకున్నవాడికి తోచని ప్రశ్న ఎవరైనా వచ్చి అడిగినా జవాబు చెబుతుంది. చంపడం నాకూ ఇష్టం కాదు. చచ్చినదాన్ని పారేయడం అంతకన్నా ఇష్టం కాదు.

అన్నయ్య కాగితం మా డైరెక్టరు చదివాడు. "ఎవరు విన్నారు?" అన్నాడు. మా అన్నయ్య అన్నాను. "ఆయన విన్నాడంటే విన్నట్టే," అన్నాడు. చూశావా? రెల్లులో దాక్కున్న పిట్టల్ని కూతను బట్టి పోల్చడంలో అన్నయ్య తర్వాతే ఎవరైనా. నా చిన్నప్పుడు నా కళ్లకు గుడ్డ కట్టి తోటలో తిప్పేవాడు. ఏ కొమ్మ మీద ఏ పిట్ట ఉందో చెబితేనే గుడ్డ విప్పేవాడు. నాకు ఎప్పుడూ మధ్యాహ్నం అయ్యేది.

మ్యూజియం తరఫున ధ్రువీకరణ మీద నేనే సంతకం పెడుతున్నాను. విచారణ రోజు అన్నయ్యను కూడా పిలుస్తారు. గోడౌన్ల వాళ్ల లాయరు ఏవో ప్రశ్నలు వేస్తాడు, అంతే. అన్నయ్యకు చెప్పు, ఆ చిరుగుల కోటు వేసుకుని రావద్దని.

నీ మరదలు


గట్టు మీది గది

మరదలికి,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. సంతకం పెట్టకు. పెట్టి ఉంటే వెనక్కి తీసుకో.

మీ అన్నయ్యకు చెవులు వినబడటం లేదు.

ఫోను ఎత్తకపోవడానికి సిగ్నలు కారణం కాదు. నేను చెప్పింది అబద్ధం. ఎత్తితే ఆయనకు నీ గొంతు గాలిలా వినిపిస్తుందిగానీ మాట తెలియదు. నిరుటినుంచే ఇలా ఉంది. ముందు కుక్కరు కూత వినబడలేదు. పరధ్యానమనుకున్నాను. తర్వాత వెనకనుంచి పిలిస్తే తిరగడం మానేశారు. అలిగారనుకున్నాను. ఎన్నేళ్ల కాపురమో కదా, అలకకూ చెవుడుకూ తేడా తెలియలేదు నాకు.

నాకు తెలిసిన రోజు చెబుతాను. మా కిటికీ పక్క రెల్లులో బొటనవేలంత బుల్లిపిట్టలు గూడు కడతాయి. పొద్దున లేచింది మొదలు సన్నగా గొలుసు లాగినట్టు పాడుతూనే ఉంటాయి. ఆ పాట నాకు నేర్పింది ఆయనే. ఆ రోజు కిటికీ దగ్గర కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నారు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒకటి గొంతు చించుకుని పాడుతోంది. ఆయన తల ఎత్తకుండా, "ఈ ఏడు బుల్లిపిట్టలు రాలేదేమిటో," అన్నారు.

నేను ఏం చెప్పను? "వస్తాయిలెండి," అన్నాను.

నీకెందుకు చెప్పలేదంటావు. ఆ మనిషికి చెవులు తప్ప వేరే ఆస్తి లేదు. అవీ పోయాయని నా నోటితో చెప్పలేకపోయాను. డాక్టరు దగ్గరికి వెళదామంటే వయసు మీద పడుతోంది, దానికి డాక్టరెందుకు అంటారు.

కుండకొంగ మాట చెప్పాక ఆయనతో పాటు నేనూ పడవలో వెళ్లాను. ఒకటికి రెండుసార్లు వెళ్లాను, నిజం కావాలనే వెళ్లాను. ఆయన వేలెత్తి, "అదిగో," అన్నారు. ముఖం వెలిగిపోయింది. నాకు ఏ పిట్టా వినబడలేదు. కప్పల బెకబెకలు తప్ప ఏ గొంతూ లేదు. చిత్తడి పోతుందన్న దిగులుతో ఆయన లోపలే ఎక్కడో ఆ కూత మోగుతోందనుకుంటున్నాను. అబద్ధం ఆడే మనిషి కాదు, నీకు తెలుసు. వింటున్నాననే అనుకుంటున్నారు.

రేపు విచారణలో ఆ లాయరు ఆయన వెనక నిలబడి ఒక మాట అంటే చాలు, అంతా బయటపడుతుంది. నలుగురూ నవ్వుతారు. ఇన్నేళ్లుగా ఆయన రాసిచ్చిన రికార్డులన్నీ తిరగదోడతారు, ఇది విన్నాడా, అది ఊహించాడా అని. నీ ఉద్యోగం సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు తోచింది చేశాను.

ఇది చదివాక నన్ను తిట్టుకో. ఆయన్ని మాత్రం ఏమీ అడగకు.

వదిన


మ్యూజియం, పక్షుల గది

వదినా,

వెనక్కి తీసుకున్నాను.

నిన్ను తిట్టుకున్నాను కూడా. ఒక పూటంతా తిట్టుకున్నాను. ఇంత కాలం దాచినందుకు తిట్టాలో, ఇప్పుడు చెప్పినందుకు తిట్టాలో తెలియలేదు. అన్నయ్యకు బుల్లిపిట్టల పాట వినబడటం లేదన్న దగ్గర ఆగిపోయాను. ఆ పాట నాకూ తనే నేర్పాడు.

డైరెక్టరు దగ్గరికి వెళ్లి ఒక్కరు విన్నది చాలదనిపిస్తోందన్నాను. ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశాడు. "నిన్నటిదాకా చాలిందే," అన్నాడు. సొరుగులోని కొంగల చీటీల మీద ఒక్క తప్పు ఊరి పేరు ఉన్నా మేం ఆ సొరుగు మొత్తాన్నీ అనుమానిస్తాం వదినా. ఒక తప్పుడు రికార్డు ఒంటరిగా ఉండదు, పక్కనున్న నిజాలకు మైల అంటిస్తుంది. అన్నయ్య జీవితమంతా మా బీరువాల్లో కాగితాలుగా ఉంది. దాన్ని కాపాడుతున్నాననుకుని కాగితం వెనక్కి తీసుకున్నాను.

విచారణకు నేనొక్కదాన్నే వెళ్లాను. "మ్యూజియం చెప్పేదేమైనా ఉందా?" అని అధ్యక్షుడు అడిగాడు. లేదన్నాను. గోడౌన్ల వాళ్ల లాయరు తెచ్చిన కాగితాల కట్ట విప్పను కూడా లేదు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో టీ కప్పులు తీసుకెళ్లారు. అంతటితో అయిపోయింది.

సాక్షి ఒక్కడే అయితే సంఘం ఒప్పుకోదని అన్నయ్యకు విడిగా రాశాను. అందులో అబద్ధం లేదు. నిజం కూడా పూర్తిగా లేదు.

నీ మరదలు


గట్టు మీది గది,
వానలు వెలిశాక

మరదలికి,

చాలా కాలానికి రాస్తున్నాను. దీనితో పాటు ఒక పెట్టె వస్తుంది. ముందు పెట్టె విప్పు, ఐసు కరిగిపోతుంది. తర్వాత ఇది చదువు.

చూశావా? ఇప్పుడు చెబుతాను.

నీ ఉత్తరం చదివి ఆయన కాగితం నా చేతికిచ్చారు. "చెల్లెలు నన్ను నమ్మలేదా?" అన్నారు. నువ్వు మాట పడటం చూడలేకపోయాను. నమ్మనిది నేనే, రాసింది నేనే అని చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. "నా చెవులు పోయాయని నాకు తెలియదనుకున్నావా?" అన్నారు మెల్లగా. "ఏవీ వినబడటం లేదు. అది వినబడింది. అందుకే అంత సంబరపడ్డాను." అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నా మీద అలిగితే బతిమాలుకునేదాన్ని. ఆయన అలగను కూడా లేదు.

తర్వాత లారీలొచ్చాయి. ముందు రెల్లు కోశారు, తర్వాత తూర్పు మూలనుంచి మట్టి పోసుకుంటూ వచ్చారు. కొంగలూ బాతులూ కొన్నాళ్లు గట్టు మీద వరసగా నిలబడి చూశాయి. ఒక్కొక్క గుంపూ లేచి వెళ్లిపోయింది. మీ అన్నయ్య టెలిస్కోపును గుడ్డలో చుట్టి మంచం కిందకు తోసేశారు.

నిన్న పొద్దున మట్టి తవ్వే యంత్రం నడిపే మనిషి తువ్వాల్లో ఏదో చుట్టుకుని వచ్చాడు. "కొత్త కంచె తీగెకు తగిలి పడిందమ్మా. ఇంకా వెచ్చగానే ఉంది. వండుకుందామని మావాళ్లన్నారు గానీ ఇలాంటి పిట్టను నేనెప్పుడూ చూడలేదు. సారు చూస్తారేమోనని," అన్నాడు.

ఆయన రెండు చేతులా అందుకున్నారు. మెడ ఇంకా బిగుసుకోలేదు, ఆయన మణికట్టు మీదుగా వాలిపోయింది. ఎండిన రెల్లు రంగు, ఒళ్లంతా గోధుమ చారలు. నాకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ మనిషి మా ఇద్దరి ముఖాలూ చూసి, "తప్పేమైనా జరిగిందా సారూ?" అన్నాడు. ఆయనకు వినబడలేదు. "లేదు బాబూ," అని నేనే అన్నాను.

ఏడవలేదు ఆయన. "ఈకలు తడవకుండా కాగితం చుట్టు. ముక్కులో దూది పెట్టు. ఐసు దానికి తగలకూడదు," అని చెబుతూ కూర్చున్నారు. మూత పెట్టేముందు మాత్రం వేలితో దాని తల ఒకసారి నిమిరారు.

ఉంది మరదలా. ఆయన చెప్పినట్టే ఇక్కడే ఉంది. ఇంకేం రాయను? గది ఖాళీ చెయ్యమన్నారు. వచ్చే వారం టౌనుకు మారుతున్నాం.

వదిన


మ్యూజియం, పక్షుల గది

వదినా,

పని పూర్తయింది. చెప్పకుండా ఉండలేను, చెప్పడానికి చెయ్యి రావడం లేదు.

మొదట ఒక ఆశతో పరుగెత్తాను. పెట్టె పట్టుకుని సంఘం అధ్యక్షుడి దగ్గరికే వెళ్లాను. ఆయన మంచిగానే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు. పెట్టెలోకి తొంగిచూసి, "పాపం," అన్నాడు. ఇప్పుడైనా పని ఆపించండి అన్నాను. "ఆపిస్తే ఏం ఆగుతుందమ్మా? అక్కడ నీళ్లెక్కడున్నాయి?" అన్నాడు. పెట్టె మూసుకుని వచ్చేశాను.

తర్వాత నాకు చేతనైన పని చేశాను. బల్ల మీద పరిచి పొట్ట కోశాను, తోలు విడదీశాను. జీర్ణాశయం నిండుగా ఉంది వదినా. చిన్న చేపలు, ఒక కప్ప. ఇంకా అరగలేదు. లారీల మధ్య మిగిలిన ఆ కాస్త మడుగు చివరి పూట కూడా దానికి కడుపు నింపే పంపింది.

రెక్క విప్పినప్పుడు అనుమానం వచ్చింది. పెద్ద పిట్టకు పాత ఈకలూ కొత్త ఈకలూ కలిసి ఉంటాయి. దీనికి అన్నీ ఒక్క ఈడువి, అంచు కూడా అరగలేదు. అడుగు సొరుగు లాగి పాతవాటి పక్కన పడుకోబెట్టాను. పెద్దవాటి నడినెత్తి నల్లగా ఉంది. దీనిది మట్టిరంగు. సొరుగులో అలాంటివి మరో రెండే ఉన్నాయి, చీటీల మీద 'పిల్ల' అని రాసి ఉంది. భూతద్దం పెట్టి చూశాను. ఆ రెండింటికీ మెడ ఈకల కొసల్లో పిల్లప్పటి నూగు మిగిలి ఉంది. దీనికీ ఉంది.

ఇది ఈ ఏటి పిల్ల. కొన్ని నెలలదే. ఎక్కడినుంచో ఎగిరొచ్చింది కాదు. గూడు అక్కడే కట్టాయి. మనం ఉత్తరాలు రాసుకుంటున్నప్పుడు ఆ రెల్లులో గుడ్లున్నాయి. నేను విచారణలో లేదని చెప్పిన రోజుకి బహుశా పిల్లలయ్యాయి.

ఆ సొరుగు లేకపోతే ఇది నాకు తెలిసేది కాదు. ఈ గది వల్ల ఏం లాభమని నువ్వెప్పుడూ అడిగేదానివి. ఇదీ లాభం. మనం ఏం పోగొట్టుకున్నామో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పింది.

అన్నయ్యను ఒకసారి చెవుల డాక్టరుకు చూపించు. ఎలా విన్నాడో నాకు తెలియాలి. పిల్ల సంగతి చెప్పాలో వద్దో నీకే వదిలేస్తున్నాను. నేనైతే రాయలేను.

నీ మరదలు


టౌను, మేడమీద వాటా

మరదలికి,

డాక్టరుకు చూపించాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి రకరకాల మోతలు వినిపించారు. కాగితం మీద గీత గీసి చూపించింది ఆ డాక్టరమ్మ. "సన్నటి శబ్దాలు పూర్తిగా పోయాయి. పక్షుల పాటలు, ఆడవాళ్ల మాటలు కష్టం," అంది. తర్వాత గీత మొదటి భాగం మీద వేలు పెట్టి, "బరువైన మోతలకు మాత్రం ఢోకా లేదు. ఉరుములాంటివి, దూరంగా డప్పులాంటివి మీకూ నాకూ తీసిపోకుండా వింటారు. చుట్టూ మిగతా గోల వినబడదు కదా, అవే స్పష్టంగా తెలుస్తాయి," అంది.

కుండలోకి ఊపిరి ఊదినట్టు, అన్నారు ఆయన.

నీకు ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజు పడవలో ఆయన వేలెత్తినప్పుడు నాకు ఏ పిట్ట గొంతూ వినబడలేదన్నది నిజమే. కానీ దూరంగా ఎక్కడో నీళ్ల మోటారు ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టు అనిపించింది. మనసులోకి తీసుకోలేదు. కూతంటే కూతలా ఉంటుందనుకుని దానికోసం చెవులు రిక్కించాను. డాక్టరు దగ్గరినుంచి రిక్షాలో వస్తుంటే గుర్తొచ్చింది. అప్పటికి అక్కడ ఏ మోటారూ లేదు. మంచి చెవులు నావి. విన్నది కూడా నేనే. వినలేదని రాసింది కూడా నేనే.

పిల్ల సంగతి దాచుదామనే అనుకున్నాను. ఒకసారి నేను నిజం చెబితే ఏమైందో చూశాం కదా. కానీ ఆయన రోజూ అడుగుతున్నారు. "చెల్లెలు రాసిందా? ఏమంది? మగదా ఆడదా?" అని. మళ్లీ ఇంకొకటి దాచి ఆయన పక్కన బతకడం నావల్ల కాలేదు.

భోజనానికి కూర్చోబోతుంటే చెప్పాను. "ఏమన్నావు?" అన్నారు. మళ్లీ చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ఇలాంటి మాట ఎవరైనా నెమ్మదిగా, పక్కన కూర్చుని చెబుతారు. నేను అరవాల్సి వచ్చింది. అది పిల్ల, ఈ ఏడే పుట్టిన పిల్ల, గూడు అక్కడే కట్టాయి అని నాలుగిళ్లకు వినబడేలా అరిచాను. కింది వాటా ఆవిడ మేం పోట్లాడుకుంటున్నామనుకుని మెట్ల మీదికొచ్చి నిలబడింది.

ఆయన నా పెదాల వంకే చూస్తున్నారు. మాట అందగానే ముఖం ఎలా మారిందో చెబితే నువ్వు నమ్మవు.

"అయితే జంట ఉందన్నమాట," అన్నారు.

"రోజూ పొద్దున అది పిలుస్తుంటే ఎవరూ బదులు పలికేవారు కాదు. ఒంటరిదేమో, లేని తోడు కోసం అలా పిలుస్తోందేమో అనుకున్నాను. చెప్పుకోలేదు గానీ ఇన్నాళ్లూ నా బాధ అదే," అన్నారు. "ఆడది పలకదు కదా. మర్చిపోయాను. పలక్కుండానే వచ్చి ఉంటుంది." నవ్వారు మరదలా. కంచం దగ్గరికి లాక్కుని, చాలా కాలానికి, అడిగి మరీ వడ్డించుకుని తిన్నారు.

ఎదురుగా కూర్చుని చూశాను. ఆ జంట ఇప్పుడెక్కడుందని ఆయన అడగలేదు. అడిగి ఉంటే అదీ అరిచే చెప్పాలి. నాకు గొంతు పోయింది.

వదిన